ఉప్పు చూడని వంట

ఉప్పు చూడకుండా దించే వంట మా ఇంట్లో ఒక్కటే ఉంది. మా కుక్క మోతి కోసం కాల్చే బిస్కెట్లు. పిండి కలుపుతుంటే చెయ్యి దానంతట అదే ఉప్పు డబ్బా దిక్కు పోతుంది, ఆపుకోవాలి. కొంచెం బెల్లం తురుము పడితే బాగుండుననిపిస్తుంది, వద్దు. రుచి చూసి సరిచేద్దామంటే మన నాలుక ఇక్కడ పనికిరాదు. తినేది ముందు ముక్కుతో చూస్తుంది. వంటంటే ఏదో ఒకటి వేయడమేనని అలవాటైన చేతికి వేయకుండా ఉండడం నేర్పాలి. ఈ పనిమీద నాకు మక్కువ కుదిరింది అందుకే.

మాది ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు ఒక పక్క, సాగర్ రోడ్డు వెంట లేస్తున్న వెంచర్లు ఇంకో పక్క. కొత్త ఇళ్ల గేట్ల లోపల లాబ్రడార్లు, గేట్ల బయట ఊరకుక్కలు. లోపలి దానికి సంచుల్లో వచ్చే తిండి, బయటి దానికి కిరాణా కొట్టులో కొన్న ఐదు రూపాయల గ్లూకోజ్ బిస్కెట్లు. పొద్దున నడకకు పోయేవాళ్లు జేబులో పాకెట్ పెట్టుకుని పోవడం రోజూ చూస్తాను. ఆ మనసుకు దండం పెట్టాలి. కానీ ఆ పాకెట్‌లో ఉన్నది మైదా, చక్కెర, నూనె. అంతకంటే మంచి సరుకు మన ఇళ్లలోనే ఉంది: జొన్నలు, పల్లీలు, రాగులు. రాగులంటే మా ముసలోళ్లు తైదలు అంటారు, అవే.

కుక్కకు జొన్న కొత్త తిండేమీ కాదు. గొర్రెల మంద వెంట తిరిగే కుక్కకు గొల్ల కురుమలు తాము తాగే అంబలి, తాము తినే గట్కలోంచే ఇంత తీసిపెట్టేవారు. రాత్రి మందను కాచినందుకు దానికి దక్కిన వాటా అది. మాంసం తినే జంతువుకు గింజలేమిటని అనుమానపడేవాళ్లకు శాస్త్రం కూడా ఒక జవాబు చెప్పింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ అక్సెల్సన్ బృందం 2013లో నేచర్ పత్రికలో కుక్క, తోడేలు జన్యువులను పోల్చి చూపింది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. మనిషి వ్యవసాయం మొదలుపెట్టాక అతని పొయ్యి పక్కన పడుకున్న జంతువు ఒంట్లో వచ్చిన మార్పు అది. అట్లాగని గింజలతోనే కుక్కను సాకమని కాదు. దానికి మాంసకృత్తులు కావాలి, అసలు భోజనం అసలు భోజనమే. నేను మాట్లాడుతున్నది నడుమ పెట్టే చిరుతిండి గురించి.

ఆ చిరుతిండి అంగడి సరుకైంది లండన్‌లో. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ పిడుగుల నుంచి ఇళ్లను కాపాడే కడ్డీలు అమ్ముకోవడానికి అక్కడికి పోయాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు ఎగబడి తినడం చూశాడని చెబుతారు. గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, మాంసం కలిపి కుక్కలకని ప్రత్యేకంగా బిస్కెట్ కాల్చి అమ్మాడు. పెద్ద వ్యాపారమైంది. ఆయన చేసిన కలయిక చూస్తే మన వంటింట్లో చేయలేనిది అందులో ఏదీ లేదనిపిస్తుంది.

మా గిర్ని కాక ఒకరోజు అడిగాడు: "ఏందమ్మా, మొన్ననే జొన్నలు పట్టించుకపోతివి, అప్పుడే ఒడిసినయా?"

"కుక్కకు బిస్కెట్లు కాలుస్తున్న కాకా."

"రొట్టె ముక్క ఏస్తే తినదా? గంత తిప్పలెందుకు?"

మంచి ప్రశ్న. తింటుంది. ఉత్త జొన్నరొట్టె ముక్క కుక్కకు మంచిదే, నేనూ వేస్తాను. అయితే మనం వేసేది ఉత్త రొట్టె కాదు. పళ్లెంలో మిగిలిన కూరలో అద్ది వేస్తాం. అందులో ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అన్నీ ఉంటాయి. పైగా రొట్టె తెల్లారేసరికి పాడవుతుంది. బిస్కెట్ అయితే డబ్బాలో నిలవుంటుంది, చెప్పిన మాట విన్నప్పుడు వేలెడంత ముక్క చేతికందుతుంది.

కాకకు ఈ మాటలు చెప్పి నాలుగు బిస్కెట్లు కూడా ఇచ్చాను. ఒకటి తనే నోట్లో వేసుకున్నాడు. "సప్పగున్నది," అన్నాడు. ఉండాల్సింది అట్లాగే.

ఇక చేసే తీరు. జొన్నపిండిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. చల్లనీళ్లతో కలిపితే వత్తుతుంటేనే అంచులు పగులుతాయి. రొట్టెలు చేసేవాళ్లందరికీ తెలిసిన ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది: మసిలే నీళ్లు పోసి పిండిని ఉడకనివ్వడం. వేడికి పిండి ఉబ్బి, బంక సాగి, ముద్ద నిలబడుతుంది. కప్పున్నర జొన్నపిండి, అరకప్పు రాగిపిండి, అరకప్పు ఉడికించి మెదిపిన తియ్య గుమ్మడి, వేయించి దంచిన పల్లీల పొడి రెండు చెంచాలు. గుమ్మడిలోనే తడి ఉంటుంది కనుక నీళ్లు చూసుకుంటూ పోయాలి, అరకప్పు చాలు. ముద్ద గోరువెచ్చగా అయ్యాక గుడ్డు కొట్టి కలపాలి. వేడిమీద కొడితే గుడ్డు అక్కడికక్కడ ఉడికి గడ్డలు కడుతుంది, పట్టు ఇవ్వదు. గుమ్మడికి బదులు శివరాత్రికి ఉడకబెట్టుకునే చిలగడదుంప వేసినా బాగా కుదురుతుంది. బేకింగ్ పౌడర్, సోడా అక్కర్లేదు. పొంగాల్సిన పని లేదు కదా.

పిండిని చిటికెన వేలి సగం మందాన వత్తి, చిన్న ముక్కలు కోసి, ముల్లు చెంచాతో పొడవాలి. ఆ రంధ్రాల్లోంచి ఆవిరి పోతుంది, లోపల తడి నిలవదు. 150 డిగ్రీల దగ్గర 35, 40 నిమిషాలు. ఆ తర్వాతిది అందరూ తొందరపడి వదిలేసే మెట్టు: పొయ్యి ఆపేశాక తలుపు తెరవకుండా, చల్లారేదాకా ముక్కలను లోపలే ఉంచడం. ఆరడం అంతా అప్పుడే జరుగుతుంది. విరిస్తే టక్కుమని విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టు. ఓవెన్ లేని ఇంట్లో గాస్కెట్, విజిల్ తీసేసిన పాత కుక్కర్లో ఇసుక పోసి, వేడెక్కాక ప్లేటు దించి సన్నమంట మీద కాల్చొచ్చు. మా అమ్మల తరం కేకులు చేసింది ఆ కుక్కర్లోనే.

పల్లీల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా పడకూడదు. పల్లీల మీద, మొక్కజొన్న మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్లుగా దానిమీద పనిచేస్తున్నారు. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు, కుక్క కాలేయానికి అది చాలా ప్రమాదం. మనం తినమని పక్కకు తీసిన గింజలు కుక్కకు పనికొస్తాయనుకునే ఆలోచన నాకు మహా బాధ కలిగిస్తుంది. మనకు ఏరినట్టే దానికీ ఏరాలి.

వేయకూడని వాటిలో ఉల్లి, ఎల్లిగడ్డ మొదటివి. పచ్చివైనా, ఉడికినవైనా, పొడి అయినా కుక్క రక్తంలోని ఎర్రకణాలను విరగ్గొడతాయి. లక్షణాలు కొన్ని రోజులకు గానీ బయటపడవు, అందుకే మొన్నటి కూరను ఎవరూ అనుమానించరు. చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు. పాయసంలో వేసే కిస్‌మిస్ సంగతి తెలియదు. ద్రాక్ష, కిస్‌మిస్ కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి; ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని పల్లీ బటర్‌లలో వాడే జైలిటాల్ అయితే కాసేపట్లోనే రక్తంలో చక్కెరను పడగొడుతుంది. కొనే సీసా మీద ఆ పేరుందేమో చదవాలి.

మన ఇళ్లకు మరీ దగ్గరి విషయం చింతపండు. ద్రాక్షలో కీడు చేసేది టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికా పశువైద్యులు కొంతకాలంగా అనుమానిస్తున్నారు. కేకుల్లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్, చింతపండు తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను వాళ్లు 2022లో ఒక పశువైద్య పత్రికలో వివరించారు. చింతపండు పులుపు చాలావరకు ఆ ఆమ్లానిదే. చారన్నం, పులుసన్నం కలిపి కుక్కకు పెట్టే ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. ఇది చదివిన ఒక్క ఇంట్లోనైనా పులుసు పోయకముందే కుక్క వాటా అన్నం పక్కకు తీస్తే నాకు అదే పదివేలు. ఎండు చేపలు కూడా అంతే: వాసనకు అది పరిగెత్తుకొస్తుంది, వాటి నిండా ఉప్పు. చెరువు చేపను ఉడికించి, ముళ్లు పూర్తిగా తీసి పెడితే మంచిది.

ఎంత పెట్టాలి? చిరుతిండి రోజు మొత్తం తిండిలో పదోవంతు దాటొద్దని పశువైద్యులు చెప్పే లెక్క. 15 కిలోలుండే ఊరకుక్కకు రోజుకు సుమారు 850 కేలరీలు సరిపోతాయి. అందులో పదోవంతంటే 85. పైన చెప్పిన బిస్కెట్ 5 గ్రాములుంటే దాదాపు 20 కేలరీలు. అంటే రోజుకు నాలుగు. వెంచర్లలో కట్టేసి పెంచే లాబ్రడార్లలో చాలావాటికి ఇప్పటికే ఒళ్లు ఎక్కువ, వాటికి రెండు చాలు. కిడ్నీ జబ్బో షుగరో ఉన్న కుక్కకైతే డాక్టర్‌ను అడగకుండా ఏదీ పెట్టొద్దు.

వానాకాలంలో డబ్బాలో పెట్టిన బిస్కెట్ మూడోనాటికి మెత్తబడొచ్చు. ఉప్పు, చక్కెర లేనందువల్ల దాన్ని కాపాడేది ఎండడం ఒక్కటే. అప్పుడు మళ్లీ పది నిమిషాలు వేడిచేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. తెల్లటి, పచ్చటి చుక్క ఏది కనిపించినా డబ్బా మొత్తం పారేయాలి, బాగున్నవి ఏరుకోవద్దు.

మా వీధి చివర ఒక ముసలి కుక్క ఉంది, ముందు పళ్లు లేవు. దానికోసం రెండు బిస్కెట్లను కోడి కార్జం ఉడికించిన నీళ్లలో నానేస్తాను. ఆ నీళ్లలోనూ ఉప్పు వేయను. ఆదివారం మటన్ కొట్టు దగ్గర జనం పలచబడ్డాక, బండ్లు తిరగని గోడ వారన గిన్నె పెట్టి, మిగతా కుక్కలు మీదపడకుండా అది తినేదాకా అక్కడే నిలబడతాను. ఈ వారం పిండిలో గుమ్మడి వేయలేదు, క్యారెట్ తురుము వేశాను. దానికి అదే ఎక్కువ నచ్చినట్టుంది.