ఓదార్పు ఎంతవరకు?

పేటలో మందిరం గంట మోగితే చాలు, మన అభ్యుదయ విమర్శకులు 'మత్తుమందు' అనేస్తారు. మార్క్స్ అదే చోట మతాన్ని అణగారినవాళ్ళ నిట్టూర్పు అని కూడా అన్నాడు. ఆ మాట వాళ్ళకి గుర్తుండదు. ఊరు చెవిన పెట్టని మనిషి ఎవరితో చెప్పుకోవాలి? మా ప్రశ్న ఇదీ.

జాషువా 'గబ్బిలం' (1941) ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. గుడిలోకి రానివ్వని అరుంధతీసుతుడు, గుడిలోకి అడ్డులేకుండా పోయే గబ్బిలంతో కాశీ శివుడికి కబురంపుతాడు. దీన్ని దీనుడి మొర అని పాఠాలు చెబుతున్నారు. మేం ఫిర్యాదుగా చదువుతాం. అతను తన ఆకలికీ అంటరానితనానికీ జవాబడుగుతున్నాడు. మనుషుల్లో వినేవాడు లేనప్పుడు విశ్వాసం అతనికి చెప్పుకునే చోటయింది. అలా చెప్పుకోవడంలోనే, తన బాధ తలరాత కాదనీ, అన్యాయమనీ అతనికి తేటపడింది.

గోదావరి డెల్టాలో మన పేటలు చేసిందీ ఇదే. 1830లలో బ్రెత్రెన్ మిషనరీలు నరసాపురంలో కుదురుకున్నారు. వాళ్ళ వెంట నడిచిన మన తాతలకి పరలోకం ఆశతోపాటు పక్కపక్కన కూర్చునే చాపా, చేత్తో పట్టుకునే పుస్తకమూ, చావింటికొచ్చే పదిమందీ దొరికారు.

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న మాత్రం 'పాలేరు' నాటకంలో విముక్తిని చదువులో చూపించాడు. సరే. కానీ పిల్లాడు చదివి పైకొచ్చేదాకా కూలికెళ్ళే తల్లికి రాత్రిళ్ళు గడవాలిగా!

అయితే ఓదార్పుకి ఖరీదుంది. 'అక్కడ సుఖపడతాం' అనుకుంటే ఇక్కడ కూలి పెంచమనే నోరు మూతపడుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కాని దళితుణ్ణి షెడ్యూల్డు కులాల జాబితా బయట పెట్టింది. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు. క్రైస్తవుల్ని ఇప్పటికీ చేర్చలేదు. అందుకే మందిరంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. దేవుడు మారినా ఊరు కులాన్ని మరవలేదు, చట్టం మాత్రం మరిచింది.

అదే విశ్వాసం ఇంకో దారీ పట్టగలదు. డెల్టా దాటి చీరాల చూడండి. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని చంపితే, బతికినవాళ్ళు అక్కడి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఏడ్చిన ఆ చోటే ఉద్యమ శిబిరమైంది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది.

కాబట్టి పాస్టర్లనీ విమర్శకుల్నీ మేం అడిగేది ఒకటే. ప్రార్థన అయ్యాక ఈ జనం ఎటు నడుస్తున్నారు? ఎవరింటికి వాళ్ళా, అందరూ కలిసి తహసీల్దారు ఆఫీసుకా?