కుండీ తిరగేసి చూడండి

బోన్సాయ్ ప్రదర్శనకు వచ్చినవాళ్లు చెట్టు చూస్తారు, వయసెంతని అడుగుతారు, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నా చూపు మాత్రం కుండీ మీదుంటుంది. అమ్మకపు బల్ల మీద ఖాళీ కుండీ కనపడిందా, తిరగేసి అడుగు చూడందే నాకు కాలు కదలదు. చేసినవాడి పనితనమంతా అక్కడే దాగి ఉంటుంది.

మంచి కుండీ అడుగున పెద్ద తూట్లు ఉంటాయి. వేలు పెట్టి తడిమితే వాటి అంచు గీసుకోదు, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే నున్నగా దిద్దేసి ఉంటాడు. పక్కన సన్నటి బెజ్జాలు: చెట్టు గాలికి ఊగకుండా వేళ్లను తీగతో కట్టడానికి. లోపలి నేల చదునుగానే కనపడుతుంది గానీ తూట్ల వైపు వెంట్రుకవాసి వాలు ఉంటుంది. నీళ్లు పోసి చూడండి, మూలన ఒక్క చుక్క నిలవదు. కింద కాళ్లు, గాలి ఆడటానికి. లోపల మెరుపు పూత ఉండదు, గరుకుగా వదిలేస్తాడు. ఇన్నీ కుదిరి, ఓ పక్కన చేసినవాడి ముద్ర కూడా ఉంటే ఆ కుండీకి దండం పెట్టొచ్చు.

గుండ్రటి కుండీ సారె మీద లేస్తుంది. కోలగా కావాలంటే ముందు గుండ్రంగానే తీసి, మట్టి కాస్త బిగిశాక అడుగు మధ్యలోంచి ఆకు ఆకారంలో ఒక ముక్క కోసి తీసేస్తారు. ఆ తర్వాత రెండు పక్కలనూ దగ్గరికి నొక్కి అతుకుతారు. అతుకు కనపడితే పని రానివాడని లెక్క. నలుచదరానికి సారె పనికిరాదు. మట్టిని పలకలుగా పరిచి, కోసి, అంచులు గీరి, జారుమట్టి పూసి నిలబెట్టాలి. అసలు పరీక్ష ఆరబెట్టడంలో ఉంది. వెడల్పెక్కువ, లోతు తక్కువ కాబట్టి అంచులు ముందు ఆరి బిగుసుకుంటాయి, మధ్యభాగం ఇంకా పచ్చిగానే ఉంటుంది. తొందరపడ్డామా, అడుగు పగులుతుంది, లేదా ఒక మూల పైకి లేచి కుండీ జీవితాంతం కుంటుతుంది. నీడలో గుడ్డ కప్పి, రోజూ తడిమి చూసుకుంటూ ఓపిక పట్టాల్సిందే.

లోతు మాను మందమంత, పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులు అని పాతవాళ్ల కొలత. పైన్ జాతి చెట్లకు పూతలేని కోణాల కుండీ, పూలూ కాయలూ ఉన్నవాటికి రంగు పూత. నన్నడిగితే పూతలేనిదానికి సాటి లేదు.

చరిత్ర జోలికి ఎక్కువ పోను. బోన్సాయ్ చైనాలో పుట్టి జపాన్ చేరిందంటారు. వామనవృక్షాలు మన వైద్యుల పెరళ్లలోనే మొదలయ్యాయని మనవాళ్లంటారు. ఏదైతేనేం, కుండీ విషయంలో నా ఓటు జపాన్‌లోని తొకొనామెకు. మురుగు గొట్టాలూ టాయిలెట్ సామానూ చేసిన ఊరే ఆ నిండు ఎర్రమట్టి కుండీలనూ లోకానికిచ్చింది. చైనాలోని యిషింగ్ పనివాళ్లు టీ కూజాను సారె ఎక్కించకుండా, ఊదామట్టిని చెక్కతో కొట్టి పలకలు చేసి నిలబెడతారు. వాళ్లూ ఘనులే. కానీ క్యోటోలో హెయాన్ తోఫుకుజి పేరుతో పనిచేసిన మిజునో కిసాబురో (1890-1970) దారే వేరు. సొంత బట్టీ లేదు. ఇతరుల బట్టీల్లో చోటు అడిగి కాల్చుకునేవాడు. బతికినన్నాళ్లూ పేదరికమే. అరచేతిలో ఇమిడే ఆయన కుండీల కోసం ఇవాళ సేకరణదారులు ఎగబడుతున్నారు!

ఇక మన నర్సరీల్లో దొరికేవాటి సంగతి. ప్లాస్టర్ అచ్చులో మట్టినీళ్లు పోసి, గట్టిపడగానే తీసి, పైన తళతళలాడే నీలం పూత పూసి పంపుతున్నారు. తూటు చూస్తే వేలైనా పట్టదు. అడుగు కిందికి కుంగి నీరు నిలుస్తుంది. పైగా అర్థంపర్థం లేని చైనా అక్షరాల ముద్ర ఒకటి. ఏళ్ల తరబడి పెంచిన జువ్విచెట్టు వేరు కుళ్లి పోతే ఎండను తిడతాం, ఎరువును తిడతాం. కుండీని ఎవడూ అనుమానించడు. ఇది మోసం కాకపోతే మరేమిటి?

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పుట్టినవాడికి ఈ గతి పట్టడం మరీ అన్యాయం. చెరువుమట్టి తెచ్చి, తొక్కి, సారె మీద కడవ తీసే చేతులు మన ఊళ్లలోవే. కుమ్మరి కడవను సారె మీంచి కోసేటప్పటికి దానికి అడుగు ఉండదు. లోపల రాతిగుండు ఆనించి, బయట చెక్కతో తడుతూ, మందపు గోడను సాగదీసి ఆ అడుగును పూడ్చేస్తాడు. ఒక్క దెబ్బ గట్టిగా పడితే చిల్లి, మెత్తగా పడితే మందం. కడవంతా ఒకే మందానికి వచ్చిందని ఆ చేతికి చప్పుడును బట్టే తెలుస్తుంది. యిషింగ్ చెక్కను మెచ్చుకునే మనం ఈ చెక్కను ఎందుకు మెచ్చుకోం? రామాయణం రాసిన మొల్ల కుమ్మరి ఇంటి ఆడపడుచేనని చెప్పుకుంటాం. ఆమె ఊరంటున్న గోపవరం మనకు పొరుగునున్న బద్వేలు పక్కనే. ఆ గొప్ప కుండల దాకా రాకుండా పుస్తకంలోనే ఆగిపోయింది. ఫ్రిజ్జు వచ్చింది, నీళ్ల క్యాను వచ్చింది, కడవ అడిగేవాడు వేసవిలో తప్ప కనపడడు. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది, మంచిదే. సారె తిరిగినా కొనేవాడు రావాలి కదా.

మన మట్టి తక్కువ వేడిలో కాలుతుంది, నీరు పీలుస్తుంది, బోన్సాయ్‌కి పనికిరాదని నగరపు పెద్దలు పెదవి విరుస్తారు. ఆ నియమం మంచు కురిసే దేశాలది. అక్కడ గోడలో ఇంకిన నీరు గడ్డకట్టి కుండీని చీలుస్తుంది కాబట్టి రాయిలా కాల్చుకుంటారు. మార్కాపురంలో మంచు గడ్డకట్టేదెన్నడు? నలభై దాటే మన ఎండలో తేమ పీల్చే గోడే వేరుకు చలవ. లోపం లేదనను. మన బోరునీళ్లకు గోడ మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది, అప్పుడప్పుడు కుంచెతో రుద్దాలి. దెబ్బ తగిలితే పగులుతుంది కూడా. అయితేనేం!

అన్నట్టు, నాలుగైదు చెట్లను అడవిలా నాటే పద్ధతికి అసలు కుండీయే అక్కర్లేదు, పలచటి రాతిపలక చాలు. మార్కాపురం లాంటి పలకల ఊళ్లో ఉండి దానికోసం నగరానికి ఆర్డరు పెట్టేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.

బోన్సాయ్ పెంచే మిత్రులకు నా మనవి ఇది. ఈసారి ఆన్‌లైన్‌లో వెతికే ముందు మీ ఊరి కుమ్మరి ఇంటికి వెళ్లండి. కాగితం మీద బొమ్మ గీసి, తూట్ల కొలత, కాళ్ల ఎత్తు, గోడ మందం చూపించండి. ఆరినా కాలినా మట్టి కుదించుకుపోతుంది కాబట్టి ఎంత పెద్దగా తీయాలో ఆయన్నే తేల్చనివ్వండి, ఆ లెక్క ఆయనకు మీకన్నా బాగా తెలుసు. వెడల్పు కుండీ ఆయనకు కొత్త, మొదటి వాములో కొన్ని పగులుతాయి. బయానా ముందే ఇచ్చి, పగిలినవాటి ఖర్చు కూడా కలిపి ధర చెప్పమనండి.