ఒడ్డు మీది చలి

నారాయణఖేడ్‌లో ఫోటో స్టూడియో నడిపే కుర్రాడు ఈ వారం నాకొక ఫోటో పంపించాడు. సింగూరు జలాశయం బ్యాక్‌వాటర్ మీద తెల్లవారుజామున తీసింది. నీళ్ల మీద పొగమంచు మోకాలెత్తున లేచి ఉంది. అందులో ఒక థర్మకోల్ తెప్ప, దాని మీద గొంతుక్కూర్చున్న మనిషి, చెవులు మూసిన మఫ్లరు, చేతిలో సగం లాగిన వల. చాలా గొప్పగా వచ్చింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ వెంటనే నా పాత మాట గుర్తొచ్చింది.

ఈ కాలమ్‌ను మొదటి నుంచీ చదువుతున్నవారికి ఆ మాట తెలుసు. వరినాట్ల మీద రాసినా, ఇటుక బట్టీల మీద రాసినా చివరికి అక్కడికే వచ్చేవాణ్ని: అందం ఒడ్డున నిలబడ్డవాడిది, కష్టం నీళ్లలో దిగినవాడిది. చలికాలపు చేపలవేట మీద కూడా ఈ వారం అదే రాద్దామనుకున్నాను. రాసే ముందు ఫోటోలోని మనిషిని ఒకసారి చూసొద్దామని కుర్రాణ్ని వెంటబెట్టుకుని మనూరు వైపు బయల్దేరాను.

మన సంగారెడ్డి జిల్లా చలి గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. డిసెంబరు వస్తే కోహీర్, న్యాల్‌కల్ పేర్లు రోజూ వాతావరణ వార్తల్లో వినబడతాయి. ఆ చలికి మనిషే కాదు, చేప కూడా ముడుచుకుంటుంది. చేప ఒంటికి సొంత వేడి లేదు. నీరు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది, ఆకలి మందగిస్తుంది. బొచ్చె, రవ్వ మేత తగ్గించి లోతుకు దిగిపోతాయి. కట్టిన వల ఉన్నచోటనే ఉంటుంది, తిరగాల్సింది చేప. తిరగని చేప వలకు తగలదు. కాబట్టి చలికాలంలో బెస్తవారి పనేమీ తగ్గదు, పడే చేప మాత్రం తగ్గుతుంది. రాత్రి కట్టిన వలను చీకటితోనే తీసెయ్యాలి. ఎండెక్కేదాకా ఉంచితే వలలో చచ్చిన చేప మెత్తబడిపోతుంది.

మేం వెళ్లేసరికి ఆయన ఒడ్డున వల చిక్కులు తీస్తున్నాడు. అరవై దాటి ఉంటాయి. కుర్రాడు సంబరంగా ఫోన్ చూపించాడు. మనిషన్నవాడెవడైనా ఫోటోలో ముందు తన ముఖం చూసుకుంటాడు. ఆయన వల చూశాడు.

“ఆ దినం ఏం పడలే సార్. సూడు, వల ఎంత అల్కగ లేస్తుందో.”

అంతమంది మెచ్చిన ఆ ఫోటోలో ఖాళీ వలను చూసింది ఆయనొక్కడే. నా పాత మాటకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుందనుకున్నాను. ఇంకొంచెం రాబడదామని అడిగాను: “గింత సలిల నీళ్లల్ల చేతులు పెట్టుడు ఎట్లనే అన్నా?”

“నీళ్లల్ల సలేడిది సార్? పొద్దుగాల నీళ్లు ఉడుకుంటయి. చెయ్యి బయటికి తీస్తెనే సలి. ఒడ్డుకొస్తె ఇంకింత సలి.”

వంగి చెయ్యి ముంచి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. గాలి రాత్రికి రాత్రే చల్లబడుతుంది గానీ అంత నీరు అంత తొందరగా చల్లబడదు, పగటి వేడిని దాచుకుంటుంది. ఆ వెచ్చటి నీటి ఆవిరే చల్లగాలి తగిలి పొగమంచై లేస్తుంది. చెయ్యి బయటికి తీశాక తెలిసింది చలంటే ఏమిటో. వేళ్ల కొసలు జివ్వుమన్నాయి.

ఆయన వల మీదనుంచి చూపు తిప్పకుండానే ఇంకో మాట అన్నాడు. “నీళ్ల మీద ఉన్నంతసేపు నాకేం రంది లేదు సార్. ఒడ్డుకొచ్చినంకనే రంది మొదలైతది.”

ఆ మాటతో నేను ముప్పై ఏళ్లు వెనక్కి పోయాను.

అప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం. నదికీ చెరువుకూ తప్ప సముద్రానికి అలవాటు లేని వయసు. ఒక జనవరిలో, భీమిలి దగ్గరి పల్లెలో జాలరి మిత్రుడొకడు తెప్ప మీద తీసుకెళ్తానన్నాడు. రాత్రి మూడు గంటలకు బయల్దేరాం. గొల్లకావడి పడమటి కొండల మీదికి వాలి ఉంది. తెప్ప అంటే దుంగలు కలిపి కట్టిందే కదా, సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్ముతూనే ఉంటాయి. కూర్చున్న చోటల్లా తడి. ఒడ్డు మీదనుంచి వీచే గాలి వెనకనుంచి నెడుతుంటే తెడ్డు వెయ్యడం తేలికైంది. వీపు మాత్రం కొయ్యబారిపోయింది. మోటారు లేదు. ఉన్నది నేను కాక ముగ్గురు మనుషులు, ఒక వల, మూతకట్టిన సత్తు గిన్నెలో చద్దన్నం, చుట్ట కాల్చుకోవడానికి తాటాకు గొట్టంలో దాచిన అగ్గిపెట్టె.

చీకట్లో వల దించుతుంటే నీళ్లలో వెలుగు కనిపించింది. తాడు తగిలిన చోటల్లా పచ్చటి మెరుపు. నీటిలో ఉండే సూక్ష్మజీవులు కదిలిస్తే అలా మెరుస్తాయని తర్వాత చదువుకున్నాను. వాళ్లకు ఆ మెరుపు చదువు అక్కర్లేదు. “అదిగో, మంద” అన్నాడు మిత్రుడు. నీటి అడుగున మెరుపు ఒక మబ్బులా కదిలింది, విచ్చుకుంది, మళ్లీ దగ్గరపడింది. కవళ్ల మంద. ఆ మబ్బు ఎటు తిరిగితే అటు తెప్ప తిప్పారు. ఒకరి మాట ఒకరికి అక్కర్లేదు, ముగ్గురి చేతులూ ఒకే మనిషి చేతుల్లా కదిలాయి.

వేగుచుక్క పైకొచ్చే వేళకు వల లాగడం మొదలైంది. నైలాన్ తాడు అరచేతుల్లో పాత గాట్ల మీదనే మళ్లీ కోస్తుంది, ఆ గాట్లలోకి ఉప్పునీరు దిగుతుంది. పళ్లు బిగించి లాగారు. వల తెప్ప మీదికి రాగానే మాత్రం ముగ్గురూ పెద్దగా నవ్వారు. వెలుతురొచ్చాక పావురాళ్లకొండ చివర ఏ తాటిచెట్ల గుంపు మీదికి వచ్చిందో చూసి, తాము ఎక్కడున్నారో, ఎంత లోతులో ఉన్నారో చెప్పేశాడు ముగ్గురిలో పెద్దాయన. గిన్నె మూత తీసి ముందు గంగమ్మ తల్లికి ఒక ముద్ద నీళ్లలో వేసి, తర్వాత నాకు పెట్టాడు. ఆ చద్దన్నం రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఒడ్డుకొచ్చాం. తెప్ప ఇసుకకు ఆనిందో లేదో ముగ్గురి ముఖాలూ మారిపోయాయి. నవ్వు పోయింది. బుట్టలతో ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనకే వ్యాపారి మనిషి. కొత్త వలకు వ్యాపారి దగ్గర వాళ్లు తీసుకున్న బాకీ ఉంది గనక పాట పెట్టడానికి లేదు, వ్యాపారి మనిషి చెప్పిందే ధర. పెద్దాయన ఒక్క మాటా అనలేదు. తడిసిన పంచె పిండుకుంటూ, ఒణుకుతూ నిలబడ్డాడు.

ఇదంతా కళ్లారా చూసినవాణ్ని నేను. అయినా ఆ రాత్రి నుంచి గుర్తుపెట్టుకుంది తడి, గాట్లు, ఉప్పునీరు. వాటి మీదనే నా సిద్ధాంతం కట్టుకున్నాను. ఇసుక మీద ఒణికిన ఆ మనిషిని వదిలేశాను.

సింగూరు బెస్తాయన మాటతో ఒక్కొక్కటే తిరగేసుకుంటే లెక్క వేరేగా వచ్చింది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద మరపడవ ఆనే సరైన రేవు లేక అక్కడి మనుషులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పరాయి బోట్ల మీద కూలికి కుదురుతూ వచ్చారు. అలా వెళ్లినవారే 2018 నవంబరు చివర్లో పాకిస్తాన్ బలగాలకు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ కథే. వాళ్లను అంత దూరం తోలింది సొంత ఒడ్డున రేవు లేకపోవడం.

ఒడ్డు లెక్క అక్కడితో ఆగలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఉప్పెన ఊళ్ల మీదికి వచ్చింది. ఇళ్లలో ఉన్నవాళ్లు, నేల మీద ఉన్నవాళ్లు కొట్టుకుపోయారు. సరిగ్గా అదే తేదీన, 2023 నవంబరు 19 రాత్రి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి సుమారు 40 బోట్లు దెబ్బతిన్నాయి. ఎన్నో తుపానులకు ఓర్చిన బోట్లు లంగరేసిన చోట కాలిపోయాయి.

సముద్రం ప్రాణం తీయదని నేననను. తీస్తుంది. వేటకెళ్లి తిరిగిరానివాళ్లు లేని పల్లె ఆ తీరంలో అరుదు. కానీ ఆ భయాన్ని ఎలా ఎదుర్కోవాలో వాళ్లకు తెలుసు. చుక్కలు తెలుసు, కొండ గుర్తు తెలుసు, గాలి మారే ముందు నీటి రంగు తెలుసు. తాతల నాటినుంచి చేతికొచ్చిన విద్య అది. ఆ విద్య ఆడినంతసేపు చెయ్యి కోసుకున్నా మనిషి నవ్వుతాడు. ఒడ్డున ఆ విద్య ఎందుకూ కొరగాదు. అక్కడ ధర ఇంకొకడిది, ఐసు ఇంకొకడిది, బాకీ మాత్రం తనది.

అందుకని నా పాత మాటను ఈ వారంతో వెనక్కి తీసుకుంటున్నాను. అందం ఫోటో తీసినవాడికన్నా ముందు తెప్ప మీదివాడిదే. కష్టంలో పెద్ద వాటా ఒడ్డుది. ఒడ్డు మన చేతిలో ఉంది గనక ఆ కష్టంలో మన వాటా కూడా ఉంది.

సంతలో చేప దగ్గర బేరమాడొద్దని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. ఇంకోసారి రాస్తున్నాను, ముఖ్యంగా ఈ రెండు చలి నెలలకు. చలికాలంలో చేప ధర పెరిగిందంటే నీళ్లలో చేప తగ్గిందని అర్థం, అమ్మే తల్లికి ఆశ పెరిగిందని కాదు. అడిగినంత ఇచ్చి తీసుకోండి. పంచాయతీ పెద్దలకు కూడా ఒక విన్నపం. మనూరు వైపు నేను వెళ్లిన ఆ ఒడ్డున చేపలు దించే చోట ఒక తుమ్మచెట్టు, దాని కింద చలిమంట ఉన్నాయి. ఒక రేకుల షెడ్డు, ఒక ఐసు పెట్టె కావాలి.