చినమౌలానా నాదస్వరము

నాదస్వరమును మంగళవాద్యమని గౌరవింతుము గాని, శ్రద్ధతో వినువారు మనలో అరుదు. పెండ్లిపందిటిలో అది మ్రోగుచుండగా కుశలప్రశ్నలలో మునిగియుందుము. తాళి కట్టు వేళ గట్టిమేళ మడిగి, అంతటితో తృప్తి నొందుదుము.

ఇట్టి యనాదరము నడుమ ఆ వాద్యమును ప్రధాన కచేరీకి తగినదిగా నిలిపినవారిలో షేక్ చినమౌలానా ఒకరు. ఆయన ఒంగోలు చెంత కరవదిలో, మహమ్మదీయ కుటుంబమున, 1924లో జన్మించెను. చిలకలూరిపేట ఆదంసాహేబు నొద్ద నేర్చిన విద్య చాలదని, తంజావూరు బాణీకై నాచ్చియార్‌కోవిల్ రాజం, దొరైకణ్ణు సోదరులకు శిష్యుడయ్యెను. ఒక సంప్రదాయమున పెరిగిన ఊపిరిని వేరొక సంప్రదాయమునకు మలచుకొనుట సామాన్యమా? క్రొత్త వాద్యమును కల్పించుటయే ప్రయోగమనువారు దీనిని గమనింపవలెను.

నాదస్వరమున వ్రేళ్లాడు రంధ్రము లేడే, మీటలు లేవు. ఊపిరి బిగువు, పీకపై పెదవి యొత్తిడి, రంధ్రమును సగము మూయు నేర్పు: గమకమంతయు వీనినుండియే పుట్టవలెను. ఆరుబయట దూరమునకు వినబడు ఆ గట్టి వాద్యముపై ఆయన రాగమును తొందరలేక, గాత్రమువలె విస్తరించెను. బిగ్గరతనము ఆయన యందు గాంభీర్యమయ్యెను.

శ్రీరంగమున స్థిరపడి రంగనాథునకు నాదసేవ చేసెను. మద్రాసు సంగీత అకాడమి 1998లో సంగీత కళానిధి బిరుదము నొసగెను. 1999లో ఆయన గతించెను.

నాదమునకు మతభేదము లేదని సభలలో పలుకుట సులభము. మన యింటి శుభకార్యమున ఒక్క రాగము ముగియు వరకు మాటలాపి, వాయించువానికి ఎదుట కూర్చుండి వినుట కష్టము. ఆయన కీయదగిన మర్యాద అదియే.