కంచె మీద తొండ

చిన్నప్పుడు కొబ్బరాకు ఈనె చీల్చి, కొసన ఉచ్చు ముడేసి, కంచె మీది తొండ మెడకు తగిలించేవాళ్ళం. ఆ ఓపిక చదువులో చూపించి ఉంటే ఇంకోలా ఉండేవాళ్ళం. ఈనె దగ్గరికొచ్చినా తొండ అంతగా బెదరదు, మనిషి కదిలితేనే పారిపోతుంది. ఇప్పుడు కడియం నర్సరీల పక్కన కెమెరాతో కూర్చుంటే నాకు అక్కరకొస్తున్నది ఆ పాడు విద్యే.

డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఆమధ్య కొమ్ముల తొండ ఫోటో పంపాడు. తల చుట్టూ ముళ్ళు, అప్పడంలా చదునైన ఒళ్ళు. నక్కలాంటిది మీదికొస్తే కంట్లోంచి రక్తం చిమ్ముతుందట. 1993 నుంచి టెక్సాస్ రాష్ట్ర సరీసృపం అదే. “మనకిలాంటివి లేవు కదా మావయ్యా!” అన్నాడు. లేవు నిజమే. అది రక్తం చిమ్మితే జనానికి ముద్దు. మన తొండ గొంతు ఎర్రబడినందుకే ‘రక్తం పీల్చేది’ అని ఇంగ్లీషులో పేరు పెట్టారు, మనవాళ్ళు రాళ్ళు పెట్టి కొట్టారు. దానికి విషం లేదు. తినేది పురుగుల్ని.

వేసవి చివర్నించి వానల దాకా మగతొండను చూడాలి. తల, మెడ నిప్పులా ఎర్రబడతాయి, గొంతు పక్కన నల్లటి మచ్చలు తేలతాయి. కంచె గుంజ మీద దండీలు తీస్తూ తల ఊపుతుంది. మమ్మల్ని వెక్కిరిస్తోందనుకుని కొట్టేవాళ్ళం. అసలు సంగతి, అవతలి మగతొండకు ‘ఇది నా జాగా’ అని చెప్పడం. ఓడిపోయినా, బెదిరినా ఆ ఎరుపు ఇట్టే వెలిసిపోతుంది. అందుకే ‘తొండ ముదిరి ఊసరవెల్లి’ అన్న సామెత పుట్టి ఉంటుంది. ఎంత ముదిరినా తొండ తొండే. దేని కుటుంబం దానిది.

ఫోటోకి పొద్దున్నే వెళ్ళాలి. రాత్రి చల్లబడ్డ ఒళ్ళు ఎండకు కాచుకుంటూ ఉంటుంది, అప్పుడు పరుగు తక్కువ. తిన్నగా మీదికి నడవకండి. ఇంకెటో పోతున్నట్టు ఏటవాలుగా, మధ్యమధ్య ఆగుతూ వెళ్ళండి. చెట్టు మీదుంటే మాను చుట్టూ తిరిగి అవతలి పక్కకు దాక్కుంటుంది. దానికి మందు ఉంది: తోడొచ్చినవాణ్ణి అవతలికి పంపితే అదే చుట్టూ తిరిగి మీ ముందుకొస్తుంది. కెమెరా దాని కంటి ఎత్తుకు దించాలి, ఫోకస్ కంటి మీదే ఉండాలి. తల ఊపేటప్పుడు సెకనులో ఐదొందలో వంతు వేగం లేకపోతే బొమ్మ చెదురుతుంది. గొంతు ఎరుపు నిలవాలంటే ఏటవాలు ఎండ చాలు, ఫ్లాష్ వద్దు.

బల్లుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, బిగుసుకున్నాక కొమ్మ మీద నిలబెట్టి తీసే ఘనులూ ఉన్నారు. ఈనె ఉచ్చు దానికంటే నయం.

నాకు బాగా నచ్చిన ఫోటోలో ఎరుపే లేదు. వాన వెలిసిన మర్నాడు ఆడతొండ ఒకటి మెత్తబడ్డ గట్టును ముందుకాళ్ళతో తవ్వుతోంది. గుడ్లు పెట్టి, మన్ను కప్పి, ముట్టెతో అదిమి వెళ్ళిపోయింది. పనికిరాని భూమిని ‘తొండలు గుడ్లు పెట్టని నేల’ అంటాం కదా. ఆ లెక్కన మన గట్లు ఇంకా మంచివే.

చూడ్డానికి పెద్ద కెమెరా అక్కర్లేదు. పది అడుగుల దూరంలో ఓ పావుగంట కదలకుండా కూర్చోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి, ఈనె మాత్రం ఇవ్వకండి.