గడప దాటని సరళీలు

బీర్పూర్ గుట్ట మీది నరసింహస్వామి దర్శనానికి కూడా పోలేని రోజులవి. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మా అమ్మాయి సంగీతం పాఠానికి జగిత్యాల పోయే బస్సు బందయింది. నాలుగు రోజులు చూసి గురువుగారే ఫోన్ చేశారు: "బిడ్డా, సాధన మాత్రం బంద్ పెట్టకు. వీడియోల కూసుందాం."

స్టీలు చెంబుకు ఆనించి ఫోన్ నిలబెట్టాం. పక్కన శ్రుతి పెట్టె మోగుతోంది. మొదటి పాఠంలోనే రెండు చిక్కులొచ్చాయి. గొంతు అవతలికి చేరేసరికి కొంత ఆలస్యం. ఇద్దరూ కలిసి పాడితే గురువుగారు పంచమం మీదికి వచ్చేసరికి అమ్మాయి ఇంకా మధ్యమం దగ్గరే వినపడేది. రెండోది నాకు ఇప్పటికీ బాధే. ఎడతెగకుండా ఒకే తీరుగా మోగే శ్రుతిని ఆ వీడియో యాప్ ఫ్యాను చప్పుడు కింద జమకట్టి చెరిపేసేది. పాటకు నేల వంటిది శ్రుతి. అదే అటు చేరలేదు.

గురువుగారు కలిసి పాడటం మానేశారు. "నేనొకసారి అంటా. నువ్వు రెండుసార్లు అను." ఇది సంత. వేదపండితుల ఊరుగా పేరున్న ధర్మపురి మాకు దగ్గరే; వేదం చెప్పే తీరూ ఇదే. ఒకరు పలికి ఆగాక మరొకరు అందుకునే పద్ధతి కాబట్టి ఆలస్యం దాన్ని ఏమీ చేయలేకపోయింది.

ఒంటరి సాధనకు మాయామాళవగౌళ ఎంత ఆసరానో అప్పుడే తెలిసింది. ఇది 15వ మేళకర్త. సరళీలు, జంట వరుసల వంటి తొలి పాఠాలను పురందరదాసు ఇందులో కూర్చారని సంప్రదాయం చెబుతుంది. ఇందులో రిషభం షడ్జాన్ని, గాంధారం మధ్యమాన్ని ఆనుకొని ఉంటాయి. పైన ధైవతం పంచమాన్ని, నిషాదం పై షడ్జాన్ని ఆనుకొని ఉంటాయి. కింది సగంలో ఉన్న దూరాలే పై సగంలోనూ. పిల్ల కింద పాడినదాన్ని పైన సరిచూసుకోవచ్చు. పక్కన గురువు లేకున్నా, శ్రుతి వింటూ పాడితే స్వరం జారినప్పుడు చెవికి గుచ్చుకుంటుంది.

తాళమే కష్టపెట్టింది. ఆదితాళానికి 8 అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బా విసురూ. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. గొంతు వేగం పెరుగుతుంది, చేయి వేగం పెరగకూడదు. గురువుగారి ఎదుట కూర్చుంటే ఆయన తొడ మీద పడే దెబ్బే పిల్లను మోస్తుంది. ఇంట్లో ఆ దెబ్బ లేదు.

అందుకని రోజూ పాడి రికార్డు చేసి పంపమన్నారు. పంపేముందు అమ్మాయి తనది తాను వినేది. మూడో కాలంలో చేయి పరుగెత్తిందని తనకే తెలిసి, చెరిపేసి మళ్లీ పాడేది. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికే జంట వరుసల్లో రెండోదాన్ని ఒత్తి పలకాలి. ఆ ఒత్తులోనే ముందు ముందు నేర్వబోయే గమకానికి విత్తు ఉంది. అక్కడ ఒత్తు అందకపోతే నాలుగోసారి, అయిదోసారి కూడా పాడింది. ఎదురుగా కూర్చొని నేర్చుకున్న ఏడాదిలో తన గొంతును తాను అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు.

ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో భక్తులు లేకుండానే కల్యాణం జరిగింది. ఇంట్లో శ్రుతి పెట్టుకొని మేం ముగ్గురం రామదాసు కీర్తన పాడుకున్నాం. గోల్కొండ చెరలో ఆయన కీర్తనలు కట్టాడని మన పెద్దలు చెబుతారు. ఆ గోడల మధ్య ఆయనకు ఏ పక్కవాద్యం ఉంది?

బస్సులు తిరిగి నడిచాక గురువుగారి ఎదుట కూర్చున్న రోజు జంట వరుస ఎత్తుకున్నారు. ఒకటో కాలం, రెండో కాలం ఇద్దరూ కలిసి పాడారు. మూడో కాలంలో గురువుగారు పాట ఆపారు, కాసేపటికి చేయి కూడా ఆపేశారు. అమ్మాయి చేయి మాత్రం అదే నడకలో పడుతూనే ఉంది.