కొలిమిలో చీకటి

మా ఊరి కొలిమికి కిటికీ లేదు. లేనితనం వల్ల పెట్టించలేదనుకునేవాణ్ణి. ఒక వేసవిలో తిత్తి ఊదుతూ అడిగేశాను. "వెలుతురొస్తే ఇనుము రంగు తెలీదు నాయనా" అన్నాడు ఆచారి తాత. కొడవలి ముదురు ఎరుపు దాటి పండుమిరప రంగుకొచ్చేదాకా కన్నార్పకుండా చూసి, చటుక్కున తొట్టి నీళ్లలో ముంచేవాడు.

ఆ ఎరుపులో ఏముందో మెటలర్జీ చదివాక గానీ నాకు తెలియలేదు. ఉక్కంటే కాస్త కార్బన్ కలిసిన ఇనుము. చల్లగా ఉన్నప్పుడు ఇనుప పరమాణువుల మధ్య కార్బన్‌కు దాదాపు చోటుండదు. 727 డిగ్రీల సెల్సియస్ దాటాక పరమాణువుల అమరిక మారడం మొదలవుతుంది. కొత్త అమరిక మునుపటికన్నా ఒత్తైనది. అయినా చిన్న చిన్న సందులు పోయి, కొన్నే అయినా పెద్దవి ఏర్పడతాయి. కార్బన్ వాటిలో దూరుతుంది. మెల్లగా చల్లారనిస్తే అది బయటికొచ్చి, మెత్తటి ఇనుమూ గట్టి కార్బైడూ పొరలుపొరలుగా పేరుకుంటాయి. ముత్యపుచిప్ప మెరుపుంటుంది కనుక దాన్ని పియర్లైట్ అన్నారు. నీళ్లలో ముంచితే బయటపడే వ్యవధి ఉండదు. ఇరుక్కుపోయిన కార్బన్ అమరికనే సాగదీస్తుంది. అది మార్టెన్‌సైట్. కొడవలి గట్టిదనమంతా అక్కడిదే. కానీ దానికి చోటు ఎక్కువ కావాలి. అందుకే ఒక్కోసారి తొట్టిలోనే టప్పుమని పగిలేది. ఆ క్షణాన తాత ముఖం చూడలేకపోయేవాణ్ణి. పగలకుండా నిలిచినదాన్ని మళ్లీ సన్నసెగ మీద ఎండుగడ్డి రంగొచ్చేదాకా, అంటే సుమారు 230 డిగ్రీలకు, వెచ్చబెట్టి పెళుసుదనం తగ్గించేవాడు.

నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు ఇంకా సున్నితం. అందులో కార్బన్ ఎక్కువ. అలాంటి ఉక్కును తెల్లగా కాగించి కొట్టబోయిన ఐరోపా కమ్మరుల చేతిలో అది ముక్కలైంది. మన ప్రాంతపు పనితనంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ రంగు తెలిసిన కన్నే.

ఇదంతా వేడి మార్చే అమరిక. ఒత్తిడి సంగతి వేరు. ఎంత నొక్కితే ఇనుము అంతగా తక్కువ చోటు పట్టే అమరికవైపు మొగ్గుతుంది. వాతావరణ పీడనానికి దాదాపు 1.3 లక్షల రెట్లు నొక్కితే వేడి లేకుండానే మరో రూపం దాలుస్తుంది. సమ్మెటకు అంత బలం లేదు. భూమి నడిబొడ్డున ఉంది. అక్కడ 5000 డిగ్రీల వేడిలోనూ ఇనుము, నికెల్ కలిసిన గడ్డ కరగదు. 33 లక్షల రెట్లకు మించిన ఒత్తిడి దాన్ని అదిమిపెట్టింది.

సెలవులకు వెళ్లినప్పుడు ఇది తాతకు చెప్పాను. చాలాసేపు నిప్పులవైపు చూస్తూ కూర్చుని, "దాని రంగు ఎలా ఉంటుందో" అన్నాడు.